సంయుక్త సంక్లిష్ట వాక్యమును గుర్తించుట ఎట్లు?

(బిలాస్‌పూరు గోల్ బజారున తెలుగు ఉద్యోగుల సభకై వ్రాయబడిన ఉపన్యాస పాఠము)

బిలాస్‌పూరునకు తెలుగువారిని తెచ్చినది రైలుమార్గము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూరునుండి అసన్సోలు వరకు నిర్మించిన ప్రధానమార్గము 1891లో ఈ పట్టణము మీదుగా పూర్తియైనది. కొంతకాలమునకు వాల్తేరు వైపు మార్గమును ఆ కంపెనీ చేతిలోనికే వచ్చినది. 1931లో విజయనగరము, రాయపూరుల నడుమ మార్గము కూడ పూర్తికాగా, ఉత్తరాంధ్రమునుండి ఛత్తీస్‌గఢ్‌నకు రాకపోకలు మరింత సులభమైనవి. రైలు పనికై వచ్చిన కుటుంబములు ఇచటనే నిలిచిపోయినవి. కంపెనీ పేరు పోయి 1955లో ఆగ్నేయ రైల్వే వచ్చినది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూరే ప్రధాన కార్యాలయ స్థానమైనది. పేర్లెన్ని మారినను తెలుగు ఉద్యోగి దినచర్యలో ఒక్క విషయము మాత్రము మారలేదు. అతడు ఇంట తెలుగు మాటలాడును. గోల్ బజారులో బేరమాడునపుడు హిందీయో ఛత్తీస్‌గఢీయో మాటలాడును. కార్యాలయమున బల్ల ముందు కూర్చుండి ఇంగ్లీషు చదువును.

ఇందు మూడవ పనియే కష్టమైనది. మాటలు తెలియక కాదు. సెలవు, భత్యము, బదిలీ, పింఛను, ప్రమోషను అను విషయములకు సంబంధించిన ఇంగ్లీషు మాటలు కార్యాలయమున అడుగుపెట్టిన మొదటి సంవత్సరముననే అందరికిని పట్టుబడును. కష్టమంతయు వాక్యములోనున్నది. 1963 నాటి అధికార భాషల చట్టము ప్రకారము సాధారణ ఉత్తర్వులు, నియమములు, ప్రకటనలు హిందీ ఇంగ్లీషు రెండింటను వెలువడవలెను. అయినను ఆ రెంటను వాక్యములు పొడవైనవే. ఒక వాక్యములో ఒక అనుమతి, దానికి తోడుగా మరియొక అనుమతి, వాటి వెనుక ఒక నిబంధన ఇమిడియుండును. అట్టి వాక్యమునకే వ్యాకరణమున సంయుక్త సంక్లిష్ట వాక్యమని పేరు. దానిని గుర్తింపలేనివాడు శాఖాపరీక్షలో రెండు మార్కులు పోగొట్టుకొనుటయే కాదు, తనకు గల హక్కును, తనపై గల బాధ్యతను కూడ పొరపాటుగా గ్రహించును.

మొదట వాక్యభేదములను స్థిరపరచుకొనవలెను. ఒక వానకాలపు సాయంకాలమును ఉదాహరణముగా తీసికొందురు గాక.

"ది రెయిన్ స్టాప్డ్." వాన వెలిసినది. ఒక కర్త, ఒక సమాపక క్రియ. ఇది సామాన్య వాక్యము.

"ది రెయిన్ స్టాప్డ్, అండ్ ది షాప్స్ ఓపెన్డ్." వాన వెలిసినది, దుకాణములు తెరచుకొన్నవి. ఇందు రెండు వాక్యములు సరిసమానముగా ప్రక్కప్రక్కన నిలిచినవి. ఒకటి లేకున్నను రెండవది నిలువగలదు. ఇది సంయుక్త వాక్యము.

"వెన్ ది రెయిన్ స్టాప్డ్, ది షాప్స్ ఓపెన్డ్." వాన వెలిసినపుడు దుకాణములు తెరచుకొన్నవి. ఇందు రెండవ భాగము స్వతంత్రమైనది. మొదటిది దానిని ఆశ్రయించియున్నది. "వెన్ ది రెయిన్ స్టాప్డ్" అని మాత్రమే పలికి ఊరకుండినచో వినువాడు తరువాత ఏమని అడుగును. ఇది సంక్లిష్ట వాక్యము.

"వెన్ ది రెయిన్ స్టాప్డ్, ది షాప్స్ ఓపెన్డ్, అండ్ పీపుల్ కేమ్ టు గోల్ బజార్." వాన వెలిసినపుడు దుకాణములు తెరచుకొన్నవి, జనులు గోల్ బజారునకు వచ్చిరి. ఇందు స్వతంత్రములైన ప్రధాన వాక్యములు రెండు, వాటి నాశ్రయించిన ఉపవాక్యము ఒకటి కలవు. సంయుక్త లక్షణము, సంక్లిష్ట లక్షణము రెండును ఒకచోట చేరినవి. కనీసము రెండు ప్రధాన వాక్యములు, కనీసము ఒక ఉపవాక్యము: సంయుక్త సంక్లిష్ట వాక్య లక్షణము ఇంతే. కొన్ని వ్యాకరణములు వాక్యభేదములను మూడుగా మాత్రమే చెప్పి దీనిని సంయుక్తములో చేర్చును. కొన్ని దీనిని నాల్గవ భేదముగా లెక్కించును. పేరు ఏదైనను నిర్మాణము ఒకటే.

లక్షణమింత సులభమైనపుడు తెలుగు విద్యార్థి ఎచట తడబడుచున్నాడు? ఈ ప్రశ్నకు సమాధానము అతని తెలివిలో లేదు. అతని మాతృభాష స్వభావములో నున్నది.

తెలుగు వాక్యము సాధారణముగా ఒక్క సమాపక క్రియతో ముగియును. దానికి ముందు జరిగిన పనులన్నియు అసమాపక రూపములలో వచ్చును. "వచ్చి" అనునది క్త్వార్థకము, "వచ్చుచు" అనునది శత్రర్థకము, "వచ్చినచో" లేక "వస్తే" అనునది చేదర్థకము, "వచ్చినను" లేక "వచ్చినా" అనునది అప్యర్థకము. ఈ రూపములను చిన్నయసూరి 1858లో ప్రకటితమైన బాలవ్యాకరణమున క్రియా పరిచ్ఛేదములో నిరూపించెను. అయితే ఆ గ్రంథమున సంధికి, సమాసమునకు వేరువేరు పరిచ్ఛేదములున్నవి గాని వాక్యమునకు ప్రత్యేక పరిచ్ఛేదము లేదు. ఆధునిక భాషాశాస్త్రము వెలుగులో తెలుగు వాక్య నిర్మాణమును పరిశీలించిన చేకూరి రామారావు గారి "తెలుగు వాక్యం" 1975లో గాని రాలేదు. కావున తెలుగు బాలుడు తన భాషలో వాక్యమును విడదీసి చూచు అలవాటు చిరకాలము పొందలేదు. ఇంగ్లీషు తరగతిలోనే అతడు తొలిసారి ఆ పనికి పూనుకొనవలసి వచ్చినది.

ఇంగ్లీషు స్వభావము వేరు. "వస్తే" అను ఒక్క మాటకు అది "ఇఫ్ హి కమ్స్" అను పూర్తి వాక్యమును పెట్టును. అందు కర్త యున్నాడు, సమాపక క్రియ యున్నది. "కొన్న" అను ఒక్క విశేషణమునకు "దట్ షి బాట్" అని వ్రాయును. అందును కర్త, సమాపక క్రియ యున్నవి. తెలుగువాని చెవికి "వస్తే", "కొన్న" అనునవి మాటలు, వాక్యములు కావు. అందుచేత ఇంగ్లీషులో అదే భావము వాక్యరూపమున కనబడినపుడు అతడు దానిని ఉపవాక్యముగా లెక్కింపక దాటిపోవుచున్నాడు. ఇదియే తడబాటునకు మూలము.

కింది వాక్యము దీనికి మంచి నిదర్శనము. "ది బ్యాంగిల్స్ దట్ షి బాట్ ఇన్ గోల్ బజార్ వర్ చీప్, బట్ దే బ్రోక్ బిఫోర్ ది ఫెస్టివల్ కేమ్." తెలుగులో: ఆమె గోల్ బజారులో కొన్న గాజులు చవుకయే, కాని పండుగ రాకమునుపే అవి పగిలినవి.

ఇంగ్లీషు వాక్యములో సమాపక క్రియలు "బాట్", "వర్", "బ్రోక్", "కేమ్" అని నాలుగు. తెలుగు వాక్యములోనో "పగిలినవి" అనునది ఒక్కటియే. "కొన్న" విశేషణమైనది, "రాకమునుపే" అసమాపకమైనది, "గాజులు చవుకయే" అనుచోట అసలు క్రియయే లేదు, తెలుగునకు అచట క్రియ అక్కరలేదు. ఇంగ్లీషులో నాలుగు స్తంభములపై నిలిచిన ఇల్లు తెలుగులో ఒక్క స్తంభముపై నిలిచినది. రెండు ఇండ్లును దృఢమైనవే; కాని ఒక దానిలో పెరిగినవాడు రెండవ దానిలో స్తంభములను లెక్కించుట నేర్చుకొనవలెను.

తెలుగులో సమాపక క్రియగల ఉపవాక్యము బొత్తిగా లేదనరాదు. "బండి రాదని చెప్పెను" అన్నపుడు "రాదు" అను సమాపక క్రియ "అని" అను మాటచే లోపలికి చేర్చబడినది. "ఎవడు ముందు వచ్చునో వానికి టిక్కెట్టు దొరకును" అనునది మరియొకటి. ఇట్టివి తెలుగున కలవు గాని ఇంగ్లీషులోవలె అడుగడుగునను రావు.

ఇక బిలాస్‌పూరు తెలుగువారికి ఒక సౌకర్యమున్నది. వారు బజారులో మాటలాడు హిందీ ఈ విషయమున తెలుగునకును ఇంగ్లీషునకును నడుమ వంతెనవంటిది. "ఉదయము వచ్చు బండి నేడు ఆలస్యము" అని తెలుగు చెప్పును. "జో గాడీ సుబహ్ ఆతీ హై, వహ్ ఆజ్ లేట్ హై" అని హిందీ చెప్పును. "ది ట్రెయిన్ విచ్ కమ్స్ ఇన్ ది మార్నింగ్ ఈజ్ లేట్ టుడే" అని ఇంగ్లీషు చెప్పును. తెలుగు వాక్యమున సమాపక క్రియ ఒక్కటియు లేదు. హిందీలో "ఆతీ హై", "హై" అని రెండు; ఇంగ్లీషులో "కమ్స్", "ఈజ్" అని రెండు. అట్లే "వస్తే" అను తెలుగు మాటకు "అగర్ వహ్ ఆయే తో" అని హిందీ వాడు పూర్తి ఉపవాక్యమునే పలుకును. హిందీకి "ఆకర్" వంటి క్త్వార్థక రూపములును కలవు. ఆ పక్షమున అది తెలుగునకు సన్నిహితము. "జో", "జబ్", "అగర్" అను మాటలతో వచ్చు ఉపవాక్యముల పక్షమున ఇంగ్లీషునకు సన్నిహితము. కావున ఇచటి తెలుగు బాలునికి ఇంగ్లీషు ఉపవాక్యమును బోధించు తండ్రి నేరుగా తెలుగునుండి బయలుదేరక, ఆ బాలుడు ప్రతిదినము బజారులో పలుకుచున్న "జో", "జబ్", "అగర్" లను ముందు చూపినచో, "విచ్", "వెన్", "ఇఫ్" లు త్వరగా బోధపడును.

ఇప్పుడు గుర్తించు పద్ధతి. దీనికి నాలుగు మెట్లు కలవు.

మొదటి మెట్టు: సమాపక క్రియలను లెక్కించుట. కాలమును తెలుపుచు ఒక కర్తతో అన్వయించు క్రియయే సమాపకము. "టు గో", "గోయింగ్", "హావింగ్ సీన్" వంటివి లెక్కకు రావు. "హాజ్ బీన్ రిపేర్డ్" అనుచోట మూడు మాటలున్నను క్రియ యొక్కటియే. లెక్క మూడు కంటె తక్కువగా నున్నచో ఆ వాక్యము సంయుక్త సంక్లిష్టము కానేరదు; ఏలయన రెండు ప్రధాన వాక్యములకు రెండు, ఉపవాక్యమునకు ఒకటి తప్పనిసరి.

రెండవ మెట్టు: కలుపు మాటలను గుర్తించుట. "అండ్", "బట్", "ఆర్", "నార్", "ఫర్", "సో", "యెట్" అను ఏడును సమానులను కలుపునవి. "ఇఫ్", "వెన్", "వైల్", "బికాజ్", "ఆల్దో", "అన్‌లెస్", "అంటిల్", "దట్", "హూ", "విచ్" మున్నగునవి ఉపవాక్యమును తెచ్చునవి. కార్యాలయ ఉత్తర్వులలో తరచుగా వచ్చు "ప్రొవైడెడ్ దట్" కూడ ఈ రెండవ జాతిలోనిదే.

మూడవ మెట్టు: ఒక్కొక్క భాగమును వేరుచేసి ఒంటరిగా నిలిపి చూచుట. నిలిచినది ప్రధానము, నిలువక తరువాత ఏమని అడిగించునది ఉపవాక్యము.

నాల్గవ మెట్టు: ప్రతి ఉపవాక్యము ఏ ప్రధానమును ఆశ్రయించినదో నిర్ణయించుట. పుస్తకములు సాధారణముగా మూడవ మెట్టుతో ఆగిపోవును. ఉద్యోగికి అన్నిటికంటె అవసరమైనది ఈ నాల్గవదే. దాని సంగతి కొంచెము తరువాత వచ్చును. ముందు దారిలోనున్న గోతులను చూడవలెను.

"అండ్" కనబడినంతనే సంయుక్తమనుకొనరాదు. "టీ అండ్ బిస్కట్స్" అనుచోట అది రెండు వస్తువులను మాత్రమే కలిపినది. "హి సెడ్ దట్ ది ట్రెయిన్ వాజ్ లేట్ అండ్ దట్ ది రిలీఫ్ హాడ్ నాట్ కమ్" అనుచోట సమాపక క్రియలు మూడున్నవి, "అండ్" కూడ ఉన్నది; అయినను ఇది సంయుక్త సంక్లిష్టము కాదు. ఇచట "అండ్" కలిపినది రెండు ఉపవాక్యములను. ప్రధానము "హి సెడ్" అను నొక్కటియే. కావున ఇది సంక్లిష్టము.

ఒకే కర్తకు రెండు క్రియలు వచ్చునపుడు మరియొక చిక్కు. "ది గార్డ్ బ్లూ హిజ్ విజిల్ అండ్ షోడ్ ది ఫ్లాగ్ వెన్ ది సిగ్నల్ టర్న్డ్ గ్రీన్." రెండవ క్రియకు ముందు కర్త తిరిగి చెప్పబడలేదు. పాత వ్యాకరణములు దీనిని సంకుచితమైన సంయుక్తముగా లెక్కించును. ఇటీవలివి పెక్కు దీనిని రెండు ఆఖ్యాతములుగల ఒకే ప్రధాన వాక్యముగా తీసికొని మొత్తమును సంక్లిష్టమనును. "అండ్ హి షోడ్ ది ఫ్లాగ్" అని కర్తను తిరిగి చెప్పినచో ఇరువురకును అది సంయుక్త సంక్లిష్టమే. పరీక్షకు పోవువారు తమ పాఠ్యగ్రంథము ఏ మార్గమును అనుసరించినదో ముందు చూచుకొనుట మేలు.

కొన్నియెడల కలుపు మాట దాగియుండును. "ది పోర్టర్ సెడ్ ది ట్రెయిన్ హాడ్ లెఫ్ట్" అనుచోట "సెడ్" తరువాత "దట్" లేదు. ఉపవాక్యము మాత్రము ఉన్నది. "ది లెటర్ యు సెంట్" అనుచోట "విచ్" లేదు, ఉపవాక్యమున్నది. ఇట్టిచోట కలుపు మాటలను వెదకువాడు మోసపోవును, క్రియలను లెక్కించువాడు మోసపోడు. అందుకే క్రియల లెక్క మొదటి మెట్టయినది.

"ఆఫ్టర్", "బిఫోర్", "సిన్స్", "అంటిల్" అనునవి రెండు వేషములు వేయును. "ఆఫ్టర్ ది రెయిన్" అన్నచో క్రియ లేదు, ఉపవాక్యము లేదు. "ఆఫ్టర్ ది రెయిన్ స్టాప్డ్" అన్నచో క్రియ వచ్చినది, ఉపవాక్యమైనది. "దట్" మూడు వేషముల మనిషి. "దట్ షాప్" అన్నపుడు అది చూపుడు మాట. "ది షాప్ దట్ సెల్స్ బ్యాంగిల్స్" అన్నపుడు "జో" వంటిది. "హి సెడ్ దట్" అన్నపుడు తెలుగు "అని" వంటిది. మొదటి వేషమున ఉపవాక్యము లేదు. మిగిలిన రెంట కలదు.

ఇక నాల్గవ మెట్టు. ఉదాహరణమునకై కల్పించిన ఈ ఉత్తర్వును చూడవలెను. "ది స్టాఫ్ మే టేక్ లీవ్, అండ్ దే మే డ్రా దెయిర్ అడ్వాన్స్ ఇఫ్ ది రిలీఫ్ హాజ్ జాయిన్డ్." సిబ్బంది సెలవు తీసికొనవచ్చును, వారి బదులు పనిచేయువాడు వచ్చి చేరినచో అడ్వాన్సు పొందవచ్చును. ఈ తెలుగు ఒక అర్థము మాత్రమే. రెండవ అర్థమిది: బదులు పనిచేయువాడు వచ్చి చేరినచో సిబ్బంది సెలవు తీసికొనవచ్చును, అడ్వాన్సును పొందవచ్చును. "ఇఫ్" అనునది చివరి అనుమతిని మాత్రమే ఆశ్రయించినదా, రెంటిని ఆశ్రయించినదా? ఇంగ్లీషు వాక్యము దానంతట అది తేల్చుటలేదు. మొదటి అర్థము తీసికొన్నవాడు బదులు మనిషి రాకమునుపే రైలెక్కి ఊరికి పోవును. రెండవ అర్థము తీసికొన్న అధికారి అతని గైర్హాజరీని నమోదు చేయును. ఇరువురును ఆ వాక్యమునే చూపుదురు. వ్యాకరణము ఇచట జీతమునకు, సేవాపుస్తకమునకు సంబంధించిన విషయమైనది.

తెలుగువానికి ఇచట మరియొక ప్రమాదమున్నది. తెలుగులో నిబంధన ముందు వచ్చును, నిర్ణయము చివర వచ్చును. "వస్తే" అని ముందే విన్నవాడు తరువాతి మాటలన్నిటిని ఆ నిబంధనకు లోబరచి వినును. ఇంగ్లీషులో నిర్ణయము ముందు వచ్చి నిబంధన తోకవలె వెనుక రావచ్చును. "మే టేక్ లీవ్" అని చూచినంతనే తెలుగువాని మనస్సు వాక్యము ముగిసినదని సంతృప్తి పొందును. ఏలయన అతని భాషలో సమాపక క్రియ వచ్చినదనగా వాక్యము ముగిసినదనియే అర్థము. తోకలోనున్న "ఇఫ్", "అన్‌లెస్", "ప్రొవైడెడ్ దట్" అతని దృష్టికి రావు. కావున ఇంగ్లీషు ఉత్తర్వును చదువునపుడు చివరి బిందువు వరకు పోయి, అచటనుండి వెనుకకు చూచి, నిబంధన ఏదైన మిగిలియున్నదా అని వెదకుట తెలుగువానికి అందరికంటె ఎక్కువ అవసరము.

సందేహమున్న ఉత్తర్వునకు తనకు తోచిన అర్థమును చెప్పుకొని నడచుకొనుట క్షేమము కాదు. రెండు అర్థములను రెండు విడివాక్యములుగా వ్రాసి, ఏది ఉద్దిష్టమని పై అధికారిని వ్రాతమూలముగా అడుగుట సరియైన మార్గము. అట్లు రెండుగా విడదీసి వ్రాయగలుగుటకు వాక్యమును గుర్తించు నేర్పు ఉండవలెను గదా.

ఇదంతయు చదువువాని పక్షము. వ్రాయువాని పక్షము కూడ ఒకటి కలదు. నోటు వ్రాయు గుమాస్తా, ఉత్తర్వు ముసాయిదా సిద్ధపరచు సూపరింటెండెంటు ఈ వాక్యమును ఎప్పుడు వాడవలెను? రెండు సమాన విషయములు, వాటి రెంటికిని చెందిన ఒక కారణమో కాలమో ఉన్నపుడు ఈ వాక్యము మిక్కిలి శక్తివంతమైనది. ఏది ముఖ్యము, ఏది అనుబంధము అను తారతమ్యమును ఒక్క చూపులో తెలుపును. నిబంధన రెంటికిని చెందవలెననిన దానిని మొదట పెట్టుట మంచిది: "ఇఫ్ ది రిలీఫ్ హాజ్ జాయిన్డ్" అని ఆరంభించి రెండు అనుమతులను తరువాత చెప్పవలెను. తెలుగు వాక్యక్రమమును అదియే గనుక తెలుగువాని కది సహజముగానే వచ్చును. నిబంధన ఒక్కదానికే చెందవలెననిన రెండు వాక్యములుగా విరిచి వ్రాయుట మేలు. అప్పటికిని సందేహము మిగిలినచో ఒకటి, రెండు అని అంకెలు వేసి వ్రాయవలెను. పొడవైన వాక్యము పాండిత్యమునకు గుర్తు కాదు. దాని అర్థము ఒక్కటియే యగుట గుర్తు.

బిలాస్‌పూరు తెలుగు గృహములలో పెరుగుచున్న బాలబాలికలు మూడు భాషల నడుమ నలిగిపోవుచున్నారని పెద్దలు చింతించుట కలదు. వాక్య నిర్మాణమును చూచినచో ఆ చింతకు అంత కారణము కనబడదు. తెలుగు వారికి పనులనన్నిటిని ఒక్క క్రియవైపు నడిపించు పొందికను ఇచ్చుచున్నది. హిందీ "జో", "జబ్" లతో ఉపవాక్యమును చెవికి అలవాటు చేయుచున్నది. ఇంగ్లీషు ఆ రెంటి ఆధారముతో నేర్చుకొనదగినదగుచున్నది. ఇంటిలో తెలుగు సరిగా రాని బాలుడు "వస్తే", "వచ్చినా" అను రూపముల భేదమును ఎరుగడు. ఆ భేదమును ఎరుగనివానికి "ఇఫ్", "ఆల్దో" ల భేదమును బోధించుట గోడలేనిచోట చిత్రము వ్రాయుట వంటిది. కావున ఇంగ్లీషు బాగుగా రావలెనని ఇంట తెలుగును మాన్పించుట ప్రయోజనకరము కాదు. సాయంకాలమున బడి పుస్తకములోని ఒక్క పొడవైన వాక్యమును తీసి, అందలి క్రియలను వ్రేళ్లతో లెక్కింపజేసి, దానిని హిందీలోను తెలుగులోను చెప్పించి, ఎచట ఎన్ని క్రియలు మిగిలినవో అడిగినచో, పది నిమిషములలో ముగ్గురు గురువులు ఒక చోట కూర్చుండి పాఠము చెప్పినట్లగును.